చాలు అంటే ఆగే ఆట: చిన్నపిల్లలకు హక్కులను పరిచయం చేసే విధానం

హక్కు అన్న మాట మన పిల్లల చెవిన మొదటిసారి పడేది సాధారణంగా పొలం గట్టు తగాదాలోనో, ఇంటి వాటాల పంపకంలోనో. అందువల్ల నాలుగైదేళ్ల బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని 'నీకు హక్కులున్నాయి' అని మొదలుపెడితే, అది పెద్దలు గొంతు పెంచి మాట్లాడుకునే వ్యవహారంగానే ఆ బిడ్డకు అందుతుంది. అంగన్‌వాడీ పిల్లలతోను, ఒకటి రెండు తరగతుల పిల్లలతోను పనిచేసిన ఏళ్లలో నేను ఈ మాటను ఏడేళ్ల వయసు వచ్చేదాకా పక్కన పెట్టి, దాని బదులు 'అందరికీ దక్కవలసింది' అని చెప్పడం అలవాటు చేసుకున్నాను. పేరు అందరికీ దక్కాలి, అన్నం అందరికీ దక్కాలి, బడి అందరికీ దక్కాలి, దెబ్బలు మాత్రం ఎవరికీ తగలకూడదు అంటే నాలుగేళ్ల పిల్లలు కూడా ఇట్టే తలూపుతారు. తలూపడం నేర్చుకోవడం కాదు కనుకనే ఈ ఆటలు అవసరమవుతాయి.

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను 1989 నవంబరు 20న ఆమోదించింది. అందులో 54 అధికరణలు ఉన్నాయి. భారతదేశం 1992 డిసెంబరు 11న ఆ ఒడంబడికలో చేరింది. అందులోని 31వ అధికరణ విశ్రాంతిని, ఆటను పిల్లల హక్కుగానే గుర్తించింది. కాబట్టి ఆటను పాఠానికి పూసిన బెల్లంగా చూడకూడదు. పిల్లలు ఆడుకునే సమయాన్ని లాక్కుని ఆ సమయంలో హక్కుల గురించి చెప్పడమంటే, చెబుతున్నదాన్నే కాలరాయడం అవుతుంది. ఈ ఆటలను పాఠం జరిగే వేళలోనే ఆడించాలి, పిల్లల సొంత ఆటల వేళ జోలికి పోకూడదు. ఎవరికైనా ఆ రోజు ఆడాలని లేకపోతే పక్కన కూర్చుని చూడనివ్వాలి.

నా అనుభవంలో తేలినది ఒక్కటే. పెద్దవాళ్లు పట్టు సడలించిన చోటే పిల్లలకు హక్కు అంటే ఏమిటో తెలుస్తుంది. ఆటలో బిడ్డ అన్న మాట చెల్లాలి, ఆ మాటకు ఏదో ఒకటి నిజంగా మారాలి. ఏమీ మారకపోతే అది వల్లె వేయించిన పాఠమే అవుతుంది.

ఆటకు ముందు

ఎనిమిది నుంచి పదిహేను మంది పిల్లలు, ఒక చెట్టు నీడ, ఇరవై నిమిషాల సమయం చాలు. చింతపిక్కలు, సుద్దముక్క, కొన్ని కొబ్బరిచిప్పలు, కాస్త పొడవైన తాడు, నాలుగైదు గులకరాళ్లు దగ్గర పెట్టుకుంటే బజారులో కొనవలసింది ఏదీ ఉండదు. ఆటలన్నీ మన వీధుల్లో ఆడుకునేవే కావడం వల్ల నియమాలు నేర్పడానికి సమయం పట్టదు, నియమాన్ని ఎక్కడ మార్చామో పిల్లలు వెంటనే పసిగడతారు.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. మన వీధి ఆటల్లో ఓడినవాళ్ల వీపు మీద గుద్దులు వేయడం, మొట్టికాయలు వేయడం, గుంజీళ్లు తీయించడం మామూలే. ఈ ఆటల్లో అవేవీ ఉండకూడదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. సరదాకని వేసే మొట్టికాయ కూడా, ఓడితే దెబ్బ తినాలన్న పాఠాన్నే చెబుతుంది. ఓడినవాళ్లు తర్వాతి ఆటను ఎంచుకోవాలి అన్న నియమం పెట్టి చూడండి, ఓటమి మీద భయం పోతుంది.

పేరు: వీరీ వీరీ గుమ్మడిపండు

పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు. ఒక బిడ్డను మీ ఎదుట కూర్చోబెట్టుకుని కళ్లు మూయండి. మరొకరు చప్పుడు కాకుండా వచ్చి ముందు నిలబడతారు. వీరి పేరేమిటని మీరు అడిగితే కళ్లు మూసుకున్న బిడ్డ ఊహించి చెప్పాలి. ఇంతవరకు అందరికీ తెలిసిన ఆటే. ఇక్కడ మనం చేర్చే మెట్టు ఏమిటంటే, పేరు తేలిన తర్వాత వచ్చిన బిడ్డ లేచి నిలబడి తన పూర్తి పేరు చెప్పి, తనను ఏమని పిలిస్తే ఇష్టమో కూడా చెబుతుంది. గుంపు మొత్తం ఆ పేరుతోనే ఒకసారి గట్టిగా పిలుస్తుంది.

ఈ చిన్న మెట్టులో చాలా విషయం ఉంది. ఒకసారి ఐదేళ్ల బాబు వంతు వచ్చినప్పుడు కళ్లు మూసుకున్న పిల్ల 'నల్లోడు' అని చెప్పింది. ఊహ సరైనదే కనుక అందరూ చప్పట్లు కొట్టారు. ఆ బాబు మాత్రం చొక్కా అంచు నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. ఏమని పిలవమంటావని అడిగితే, చాలాసేపటికి తన అసలు పేరును అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చెప్పాడు. గుంపులో సగం మందికి ఆ పేరు అప్పటిదాకా తెలియదు. వాడిని రోజూ చూసే నేను కూడా ఆ పేరును హాజరుపట్టీలో చదవడమే తప్ప నోరారా పిలిచింది లేదు. రంగును, పొట్టితనాన్ని, నడకలోని లోపాన్ని, కులాన్ని పట్టుకుని పిలిచే పిలుపులు మన ఇళ్లలో ముద్దుపేర్ల వరసలో కలిసిపోతాయి. వాటిని తప్పని తిట్టనక్కరలేదు. బిడ్డ ఎంచుకున్న పేరుతో పిలవడం మీరు మొదలుపెట్టి, పొరపాటు జరిగినప్పుడు 'మరిచిపోయాను, మళ్లీ పిలుస్తాను' అని దిద్దుకుంటే, వారం తిరిగేసరికి పిల్లలు ఒకరినొకరు దిద్దుకుంటారు.

ఈ ఆట ఆడిన రోజు సాయంత్రం తల్లిదండ్రులతో జనన ధ్రువపత్రం మాట ఎత్తడం మంచిది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, గడువు దాటినా ఆలస్య నమోదుకు వీలుంది. వయసు రుజువు లేదన్న కారణంతో బడిలో చేర్చుకోకపోవడం కుదరదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షను చెబుతుందన్న సంగతి కూడా వారికి తెలియాలి.

ఒళ్లు: ఒప్పులకుప్ప

ఈ ఆటలన్నింటిలో ఒక్కదానికే సమయం ఉంటే దీన్నే ఆడించమంటాను. ఇద్దరు పిల్లలు పాదాలు దగ్గరగా పెట్టి, చేతులు అడ్డంగా పట్టుకుని, వెనక్కి వాలి గిరగిరా తిరుగుతారు. దీనికి ఒకే నియమం చేర్చండి. ఇద్దరిలో ఎవరు 'చాలు' అన్నా ఇద్దరూ నెమ్మదించి ఆగాలి. చెయ్యి ఠక్కున వదిలేస్తే రెండోవారు పడిపోతారు కనుక, వదలకుండా వేగం తగ్గించడం ముందే సాధన చేయించాలి. ఎదుటివారి ఒంటి బాధ్యత కొంత మన చేతుల్లో ఉందన్నది ఆ సాధనలోనే తెలిసివస్తుంది.

మొదటి జోడీలో మీరుండాలి. బిడ్డతో మెల్లగా తిరుగుతూ, బిడ్డ చాలు అనగానే ఆగిపోవాలి. మళ్లీ తిరగాలి, మళ్లీ ఆగాలి. పెద్దావిడ తన మాటకు ఆగిందన్న ఆశ్చర్యం ఆ ముఖంలో కనబడుతుంది, కొందరు అది నిజమా అని చూసుకోవడానికి నాలుగైదుసార్లు చాలు అంటారు. విసుక్కోకుండా ఆగండి. తర్వాత పిల్లలు జోడీలుగా ఆడతారు. మొదటి విడతలో చాలు అని గట్టిగా చెబుతారు, రెండో విడతలో గొంతు తగ్గించి చెబుతారు, మూడో విడతలో మాట లేకుండా తల మాత్రం అడ్డంగా ఊపుతారు. చివరి విడతలో ఏమీ చెప్పకుండా ముఖం మాత్రం మార్చుకుంటారు, జోడీలోని రెండోవారు కనిపెట్టి ఆగాలి. ఈ చివరి విడత ఆరేళ్లు దాటినవారికే సాధ్యం, చిన్నవారితో రెండో విడత దగ్గర ముగించండి.

ఆట అయ్యాక అందరూ కూర్చుని, ఇంకెక్కడెక్కడ చాలు అనాలనిపిస్తుందో చెప్పుకుంటారు. చక్కిలిగింతలు పెట్టినప్పుడు, బుగ్గలు గిల్లినప్పుడు, వద్దన్నా ముద్దులు పెట్టినప్పుడు, కడుపు నిండాక ఇంకో ముద్ద కుక్కినప్పుడు అని పిల్లలు గలగలా చెప్పుకొస్తారు. ఇక్కడ తొందరపడకుండా అసలు విషయం చెప్పాలి. లోదుస్తుల చాటున ఉండే ఒంటి భాగాలను ఎవరూ ముట్టుకోకూడదు, చూపించమని అడగకూడదు. స్నానం చేయించే అమ్మ, జబ్బు చేసినప్పుడు అమ్మో నాన్నో పక్కనుండగా చూసే డాక్టరు, బిడ్డ శుభ్రత కోసం, ఆరోగ్యం కోసం చూస్తారు. అప్పుడు కూడా ఎందుకో చెప్పి చూడాలి, గుట్టుగా ఉంచమని అడగకూడదు. పుట్టినరోజు బహుమతిని దాచడం ఒక గుట్టు, అది రేపు అందరికీ తెలుస్తుంది. ఎప్పటికీ చెప్పకు, చెబితే ఊరుకోను అని బెదిరించే గుట్టు వేరు, దాన్ని దాచిపెట్టనక్కరలేదు.

మరొక మాట విడిచిపెట్టకూడదు. చాలు అనలేకపోయినా, అన్నా అవతలివారు ఆగకపోయినా, తప్పు ఆ బిడ్డది కాదు. కొంతమంది ఉపాధ్యాయులు 'గట్టిగా అరవాలి, పరుగెత్తాలి' అని మాత్రమే నేర్పి వదిలేస్తారు. అరవలేక బిగుసుకుపోయిన బిడ్డ అప్పుడు రెండింతలు కుంగిపోతుంది. అందుకే ప్రతిసారీ ఆట చివర 'చాలు అనలేకపోయినా నాకు చెప్పవచ్చు' అన్న వాక్యాన్ని పిల్లలందరి కళ్లలోకి చూస్తూ చెప్పాలి.

ఆసరా: నేలా బండా, నాలుగు గళ్ల తొక్కుడుబిళ్ల

నేలా బండా ఆటలో దొంగ నేలను కోరుకుంటే బండ ఎక్కినవాళ్లు భద్రం. అరుగు, మెట్టు, చెట్టు మొదలు, సుద్దతో గీసిన గుండ్రం అన్నీ బండలే. కాసేపు ఆడాక ప్రతి బిడ్డ తన అరచేతిని సుద్దతో నేల మీద గీసుకుంటుంది. ఒక్కో వేలు మీద, భయమేసినప్పుడు తాను ఎవరి దగ్గరికి పరుగెత్తుతుందో ఆ మనిషి బొమ్మ వేస్తుంది. వీళ్లు మనుషుల రూపంలో ఉన్న బండలు. ఐదు వేళ్లూ నిండాలన్న పట్టుదల వద్దు. ఒక్క వేలు మీదే బొమ్మ వేసి ఆగిపోయిన బిడ్డను గమనించి మనసులో పెట్టుకోండి, నలుగురిలో ఎందుకని అడగకండి. ఇంటి బయటివారు కనీసం ఒకరు ఉండటం అవసరం కనుక, మీ బొమ్మ కూడా ఎవరికైనా కావాలేమో అడగవచ్చు.

మరుసటి రోజు తొక్కుడుబిళ్లకు నాలుగే గళ్లు గీసి, వాటిలో 1, 0, 9, 8 అంకెలు వేయండి. పిల్లలు ఒక్కో అంకెను గట్టిగా చదువుతూ కుంటుతారు. ఇది ఆపదలో ఉన్న పిల్లల కోసం రాత్రీ పగలూ పనిచేసే ఉచిత ఫోను నంబరు. నాలుగు రోజులు కుంటితే అంకెలు ఇంకా సరిగా రాయడం రాని బిడ్డకు కూడా అది నోటికి వచ్చేస్తుంది. కుంటలేని బిడ్డ ఉంటే ఆట నియమాన్నే మార్చాలి: రెండు కాళ్లతో నడిచినా, చక్రాల కుర్చీలో దాటినా, బిళ్ల విసిరి అంకె చెప్పినా చెల్లుతుంది. ఎలా మార్చాలో ఆ బిడ్డనే అడగండి. జాలిపడి చప్పట్లు కొట్టే పని అప్పగించడం మాత్రం ఆటలోంచి వెలివేయడమే.

అన్నం: గుజ్జనగూళ్లు

కొబ్బరిచిప్పల్లో ఇసుక అన్నం, ఆకుల కూర వండి వడ్డించుకునే ఈ ఆటను పిల్లలు ఎవరూ నేర్పకుండానే ఆడుకుంటారు. మీరు చేయవలసింది ఎనిమిది మంది ఉన్నచోట ఐదు చిప్పలే ఇచ్చి పక్కకు తప్పుకోవడం. ఎవరికి ముందు వడ్డిస్తారు, ఎవరికి చిప్ప దొరకదు, ఎవరు అడుగంటింది తింటారు అన్నది గమనించండి. నేను చూసినప్పుడు నాన్న వేషం వేసిన బాబుకు నిండుగా, అన్నకు నిండుగా వడ్డించారు. అమ్మ వేషం వేసిన నాలుగేళ్ల పాప చివరికి ఖాళీ చిప్ప వేలితో గీకి నోట్లో పెట్టుకున్నట్టు నటించింది. ఎవరూ చెప్పకపోయినా తమ ఇళ్లలో రోజూ చూస్తున్నదే ఆడారు. అక్కడ ఉపన్యాసం మొదలుపెట్టకుండా వేషాలు మార్చమన్నాను, ఆ పాప నాన్న అయింది. రెండో విడతలో గీకుడు బాబు వంతుకు వచ్చింది. 'నాకేదీ?' అని వాడు అడిగిన ప్రశ్ననే గుంపు మొత్తానికి వేశాను. అప్పుడు పిల్లలే ప్రతి చిప్పలోంచి పిడికెడు ఇసుక తీసి ఆకుల మీద సమంగా పెట్టారు.

మనకు అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చాక అంగన్‌వాడీ భోజనం, బడిలో మధ్యాహ్న భోజనం పిల్లలకు చట్టం కల్పించిన హక్కులయ్యాయి. అయినా మన నోట ఇప్పటికీ 'అల్లరి చేస్తే గుడ్డు ఇవ్వను' అన్న మాట వస్తూనే ఉంటుంది. హక్కులు చెప్పేటప్పుడు బాధ్యతలు కూడా చెప్పాలి కదా అని చాలామంది అడుగుతారు. బాధ్యతలు నేర్పవలసినవే, అయితే వాటిని హక్కులకు ధరగా పెట్టకూడదు. గిన్నె కడగని బిడ్డకు కూడా ఆకలి ఒకటే, ఆ బిడ్డ గుడ్డు ఆ బిడ్డకు దక్కాలి. గిన్నె కడగడం ఎందుకో వేరుగా, వేరే సమయంలో మాట్లాడుకోవాలి.

మాట: చింతపిక్కల ఓటు

రేపు ఏ ఆట ఆడాలి, చెట్టు కింద కూర్చోవాలా గదిలోనా, ఏ కథ చెప్పుకోవాలి వంటి ప్రశ్న ఒకటి తీసుకుని, ఒక్కో జవాబు బొమ్మ ముందు ఒక్కో చిప్ప పెట్టండి. ప్రతి బిడ్డకూ ఒకటే చింతపిక్క, మీకూ ఒకటే. లెక్క తేలాక ఆ నిర్ణయాన్ని తప్పక అమలు చేయాలి. అమలు చేయలేని ప్రశ్నకు ఓటు పెట్టకండి, తర్వాత మీరు మాట మారిస్తే ఆటే బూటకం అవుతుంది. తక్కువ పిక్కలు పడిన ఆటకు మరోరోజు కేటాయించడం కూడా నియమంలో భాగమే, లేకపోతే ఎక్కువమంది ఉన్నవారిదే ఎప్పుడూ పైచేయి అని పిల్లలు అర్థం చేసుకుంటారు.

బడి: తాడు దారి

ఇది ఆరు నుంచి ఎనిమిదేళ్లవారికి. ఒక చివర ఇల్లు, మరో చివర బడి అనుకుని తాడును నేల మీద పరచండి. దారికి అడ్డొచ్చే వాటిని పిల్లల్నే చెప్పమని, చెప్పినదానికల్లా ఒక రాయి తాడు మీద పెట్టించండి. చెల్లిని ఎత్తుకోవాలి, మేకలను తోలాలి, పత్తి తీయడానికి అమ్మ వెంట వెళ్లాలి, వాన పడితే వాగు పొంగుతుంది, సారు కొడతారు. తర్వాత ఒక్కో రాయి దగ్గర ఆగి దీన్ని ఎవరు తీయాలని అడగండి. మొదట్లో 'నేనే పొద్దున్నే లేచి పని చేసి వస్తా' అంటారు. రాయి తీయడం పెద్దలపని అని అక్కడే చెప్పాలి. చెల్లిని అంగన్‌వాడీ చూసుకోవాలి, వాగు మీద వంతెన పంచాయతీ వేయించాలి, కొట్టే సారు మానుకోవాలి. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ద్వారా పనిచేసి 2003లో మెగసెసే పురస్కారం అందుకున్న, జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలైన శాంతా సిన్హా, బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాలకార్మికుల లెక్కలోనే చూడాలని పట్టుబట్టారు. ఈ ఆటలో తాడు మీద పేరుకునే రాళ్లను చూస్తే ఆ పట్టుదలకు కారణం బోధపడుతుంది.

ఆటలోంచి బయటపడే మాటలు

ఈ ఆటలు ఆడిస్తే ఏదో ఒక రోజు ఏదో ఒక బిడ్డ, మీరు ఊహించని మాట చెబుతుంది. అప్పుడు ముఖం చిట్లించకుండా, గుంపు ముందు ఆరా తీయకుండా, ఆట ముగిశాక పక్కన కూర్చుని విననివ్వమని అడగండి. 'ఫలానా మామయ్యేనా?' అంటూ పేర్లు అందించకూడదు, చెప్పినది చెప్పినట్టు వినాలి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. నిన్ను కాపాడగలిగినవారికి మాత్రం చెబుతానని నిజమే చెప్పాలి. నాకు చెప్పి మంచి పని చేశావు అన్నది ఆ బిడ్డ వినవలసిన మొదటి మాట. లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగబోతుందని అనిపించినా పోలీసులకు తెలియజేయడం లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం మన ఇష్టాయిష్టాలకు వదిలిన విషయం కాదు, తప్పనిసరి. ఇంటి పరువు, ఊరి పెద్దల సర్దుబాటు అన్న మాటలు వినబడతాయి. వాటికి లొంగితే అరచేతి మీద గీయించిన బొమ్మల్లో మీ బొమ్మ అబద్ధమవుతుంది.

ఒక్కో ఆటను వారం పాటు ఆడించండి. రోజుకో కొత్త ఆట పెడితే ఆటే గుర్తుంటుంది, నియమం నిలవదు. నవంబరు 14న బాలల దినోత్సవానికి ముందు హడావుడిగా నాలుగు ఆటలు ఆడించి, పిల్లల చేత హక్కుల పట్టిక అప్పగింపజేసి ఫోటోలు తీయడం కంటే, ఒప్పులకుప్ప ఒక్కటి ఏడాదంతా ఆడుకోవడం మేలు.

ఆ ఆట ఆడించిన రెండో వారంలో ఒక మధ్యాహ్నం, నిద్ర లేచిన పాపకు జడ వేస్తున్నాను. చిక్కు ఎక్కువగా ఉండి దువ్వెన లాగుతోంది. పాప ఏడవలేదు, మెడ మాత్రం బిగించి 'చాలు' అంది. నా చేయి అలవాటుగా ఇంకో పాయ అందుకోబోయి ఆగింది. దువ్వెన కింద పెట్టాను. పాప వెనక్కి తిరిగి ఒకసారి నా చేతులవంక చూసి, ఒకవైపే జడతో పరుగెత్తుకెళ్లి ఆటలో కలిసిపోయింది. సాయంత్రం వాళ్లమ్మ వచ్చి రెండో జడ ఏదని అడిగితే, నేను నోరు తెరిచేలోపే ఆ పాపే సమాధానం చెప్పింది: 'చాలన్నాను, ఆగింది.'